తొమ్మిది గళ్ల తెల్ల గుడ్డ

జయశీల పనిచేసే గదిలో గట్టిగా మాట్లాడకూడదు. మాస్కు ఉన్నా సరే. ఎందుకంటే మనం నోరు తెరిస్తే కంటికి కనపడని తుంపర్లు బయటికొస్తాయి. వాటిలో కణాలుంటాయి, కణాల్లో డీఎన్‌ఏ ఉంటుంది. ఎక్కడో హత్య జరిగిన ఇంట్లో దొరికిన దిండు గలీబు మీద ఆ తుంపర పడిందనుకోండి, రేపు గ్రాఫులో హంతకుడి పక్కన జయశీల కూడా నిలబడుతుంది! అందుకే ల్యాబులో చేరిన మొదటి రోజే ప్రతి ఒక్కరి బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది వాళ్ల డీఎన్‌ఏ లెక్కను దాచిపెడతారు. ఏదైనా కేసులో తెలియని మనిషి జాడ కనిపిస్తే ముందు వెతికేది బయట కాదు, లోపలే. మనవాళ్లలో ఎవరైనా తుమ్మారా అని.

జయశీలకి ముప్పై నాలుగేళ్లు. నగరంలోని ఒక ఫోరెన్సిక్ ల్యాబులో సైంటిఫిక్ అసిస్టెంట్. పుట్టింది మహేశ్వరం పక్కన ఒక ఊళ్లో. నాన్న జొన్న వేసిన చేను ఇప్పుడు ప్లాట్లయింది. ఉస్మానియాలో జెనెటిక్స్ ఎమ్మెస్సీ చేసి, రెండేళ్లు పరీక్షలు రాసి ఈ ఉద్యోగం తెచ్చుకుంది. భర్త డేవిడ్ రాజు ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు, బండెక్కిన వాళ్లందరికీ "మా ఇంటామె సీఐడీ సార్" అని చెప్తాడు. ఎన్నిసార్లు వద్దన్నా వినడు. శంషాబాద్‌లో కిరాయి ఇల్లు. తల్లి సుగుణమ్మ వాళ్ల దగ్గరే ఉంటుంది. కూతురి ఉద్యోగం మీద సుగుణమ్మకి పెద్ద గౌరవమేమీ లేదు.

"మంది ఉమ్మిలు జూసేటందుకు గింత సదువు సదివినవా బిడ్డా?" అంటుంది.

"ఉమ్మిలనే మనిషి మొత్తం ఉంటడమ్మా" అంటుంది జయశీల.

"ఉంటె ఉండనీ. అన్నం తినేటప్పుడు చెప్పకు."

ఇలాంటి జయశీల దగ్గరికి ఆ ఏడాది జూన్‌లో సాతంరాయి కేసు వచ్చింది.

శంషాబాద్ పక్కనే ఉన్న సాతంరాయిలో ఒక చిన్న చర్చి ఉంది. ఇరవై, ఇరవై అయిదు మంది వస్తారు. ప్రేమయ్య ఆ సంఘానికి పెద్ద. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వెళ్లిపోయారు, ఆయన ఒక్కడే వెనక గదిలో బీరువా సర్దుతున్నాడు. ఎవరో వెనక నుంచి వచ్చి ఇనుప రాడ్డుతో తల మీద కొట్టి, కీబోర్డు, ఆంప్లిఫైయర్ ఎత్తుకుపోయారు. ప్రేమయ్య మొహం చూడలేదు. నాలుగు రోజులు దవాఖానాలో స్పృహ లేకుండా ఉన్నాడు. రాడ్డు అక్కడే పడి ఉంది, దానికి వేలిముద్రలు పడకుండా ఒక తెల్ల గుడ్డ చుట్టి ఉంది.

పోలీసులు పట్టుకున్నది ఆశేర్‌ని. ఇరవై ఆరేళ్లు, ఎయిర్‌పోర్టు కార్గోలో లోడింగ్ పని, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఆ రోజు పాట మధ్యలో ప్రేమయ్య అందరి ముందూ "గా డబ్బా సౌండ్ తగ్గియ్‌రా, దేవునికి చెవుడు లేదు" అన్నాడట. ఆశేర్ "నీకున్నది గద తాతా" అన్నాడట. అందరూ నవ్వారు, ప్రేమయ్య నవ్వలేదు. ఆరాధన అయ్యాక కుర్చీలు సర్దడానికి చివరిదాకా ఉన్నదీ ఆశేరే. ఇంకేముంది, గొడవ ఉంది, అవకాశం ఉంది. వారం రోజులు లోపల ఉండి బెయిల్ మీద వచ్చాడు.

ఎయిర్‌పోర్టులో పనిచేయాలంటే మెడలో పాసుండాలి, పాసుకి పోలీసుల క్లియరెన్స్ ఉండాలి. అరెస్టయిన రోజే కంపెనీ వాళ్లు పాసు తీసుకుని పక్కన పెట్టారు. చార్జిషీట్‌లో పేరు రాకపోతే తిరిగి ఇస్తాం, వస్తే పాసు రద్దు, ఇక ఆ గేటు లోపలికి ఎప్పటికీ రాలేవు అని చెప్పేశారు. ఆ కుర్రాడి భవిష్యత్తు ఇప్పుడు రాడ్డుకి చుట్టిన ఒక గుడ్డ మీద ఉంది.

ల్యాబుకి వచ్చిన లెటర్‌లో ఆ గుడ్డ గురించి ఇలా రాసి ఉంది: "తెల్లని చేతిరుమాలు ఒకటి, ఎర్రని మరకతో. రక్తపు మరక అని అనుమానం." కానిస్టేబుల్ ఎవరో మరక చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీశాడు కూడా.

జయశీల మొదట ఆ గుడ్డని చూడనే లేదు. ల్యాబులో పద్ధతి అది. ముందు ఇంకో విభాగం వాళ్లు వస్తువు తెరిచి, మరక రక్తమా కాదా చూసి, కావలసిన ముక్క కోసి చిన్న ట్యూబులో పంపుతారు. వచ్చిన కాగితంలో "రక్తం లేదు, లాలాజలం ఉంది" అని ఉంది. సరే, రుమాలు కదా, మూతి తుడుచుకుని ఉంటాడు అనుకుంది.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన సంగతి చెప్పాలి. మన డీఎన్‌ఏలో కొన్ని చోట్ల ఒకే చిన్న ముక్క మళ్లీ మళ్లీ వస్తుంటుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. ఒక్కో చోట మనకి రెండు అంకెలుంటాయి, ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. అలాంటి చోట్లు ఇరవైకి పైగా తీసుకుని అంకెలన్నీ వరసగా రాస్తే, అలాంటి వరస ఇంకొకరికి ఉండటం దాదాపు అసాధ్యం, అచ్చు ఒకేలా ఉండే కవలలకి తప్ప. ల్యాబులో చేసేదంతా ఆ అంకెలు చదవడమే. ముక్కలోంచి డీఎన్‌ఏ బయటికి తీయాలి, ఎంతుందో కొలవాలి, కావలసిన చోట్లని మాత్రం యంత్రంలో కోట్ల కాపీలు చేయాలి, తర్వాత ఇంకో యంత్రం వాటిని గ్రాఫుగా గీస్తుంది. ఒక్కో అంకెకి ఒక్కో శిఖరం. ఒక మనిషికి ఒక చోట రెండు శిఖరాలు మించి రాకూడదు.

ఆ గ్రాఫులో ఒక చోట ఏడు వచ్చాయి.

జయశీల గ్రాఫుని పెద్దది చేసి చూసింది. ఏడు శిఖరాలంటే కనీసం నలుగురు మనుషులు. పొడుగ్గా, స్పష్టంగా ఉన్న రెండూ ఆశేర్ రక్త నమూనాతో సరిగ్గా సరిపోయాయి. అన్ని చోట్లా అంతే. వాటి కింద మిగతావన్నీ గడ్డి మొలిచినట్టు చిన్న చిన్నగా.

ముందు తననే అనుమానించుకుంది. నా వల్ల కలిసిందా? ప్రతిసారీ అసలు నమూనాతో పాటు ఏమీ వేయని ఒక ఖాళీ ట్యూబుని కూడా నడుపుతారు, దాంట్లో ఏమైనా వస్తే తప్పు ల్యాబుదే. ఖాళీ ట్యూబు ఖాళీగానే ఉంది. సిబ్బంది లెక్కలతో పోల్చింది. ఎవరూ కారు.

అప్పుడే ఎస్సై జీవన్ ఫోన్ చేశాడు. కేసు చూస్తున్నది ఆయనే.

"మేడం, మా సాతంరాయిది ఏమైంది? వచ్చే శుక్రవారం చార్జిషీట్ ఏయాలె. జర జల్ది చూడుండ్రి."

"కలగాపులగం ఉంది సార్. చానా మంది ఉన్నరు దాంట్ల."

"మంది సంగతి నాకెందుకు మేడం? ఆ పిలగాడున్నడా లేడా, గది చెప్పుండ్రి."

"ఉన్నడు."

"అయిపాయె! గదే రాసి పంపుండ్రి."

అది అబద్ధం కాదు. అదే జయశీలని పీకింది. "నిందితుడి డీఎన్‌ఏ చేతిరుమాలు మీద ఉన్నది" అని రాస్తే ప్రతి అక్షరం నిజం. కానీ ఒక కుర్రాడి జేబు రుమాలు మీద నలుగురైదుగురి ఉమ్మి ఎందుకుంటుంది? ఇంకో విచిత్రం, ఆడామగా చెప్పే చోట చూస్తే ఆ గడ్డిలో ఆడవాళ్లే ఎక్కువ ఉన్నట్టుంది.

భోజనం తర్వాత పక్క విభాగానికి వెళ్లి ఆ గుడ్డని చూపించమని అడిగింది. రెండు జతల గ్లౌజులు, టోపీ, మాస్కు. కాగితపు కవరు తెరిచి, తెల్ల కాగితం మీద పరిచారు. మందపాటి నూలు గుడ్డ. నాలుగు అంచులూ చేత్తో కుట్టినవి. ఒక మూల ఎర్ర దారంతో చిన్న సిలువ. రాడ్డుకి మెలిపెట్టడం వల్ల ముడతలు పడ్డాయి గానీ, వాటి కింద పాత ఇస్త్రీ గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. అడ్డంగా రెండు, నిలువుగా రెండు. తొమ్మిది గళ్లు.

రుమాలుని ఎవరూ అలా మడవరు. నాలుగు మడతలేస్తారు.

జయశీల దీపం దగ్గరికి జరిపి మళ్లీ చూసింది. ఈ గీతలు తనకి తెలుసు.

సాయంత్రం ఇంటికి వెళ్లగానే తల్లిని అడిగింది. కేసు సంగతి ఎక్కడా చెప్పకూడదు కాబట్టి మామూలుగా అడిగినట్టు అడిగింది.

"అమ్మా, పాత చర్చిల బల్ల గుడ్డ ఇస్త్రీ చేస్తుంటివి గద. ఎట్ల మడుస్తుంటివి?"

"ఇప్పుడెందుకే అది?"

"ఊకెనే."

"అటు మూడు, ఇటు మూడు. గిన్నె తుడిచేటప్పుడు ఒక్కొక్కలకు ఒక్కొక్క గడి రావాలె గదా." సుగుణమ్మ చీర కొంగు తీసుకుని మడిచి చూపించింది. "ప్రభువు బల్ల నాడు అందరం ఒక్క గిన్నెలనే ద్రాక్షరసం తాగుడు. ఒకరు తాగంగనే పెద్దాయన అంచు తుడిచి, గిన్నె జరంత తిప్పి ఇంకొకరికిస్తడు. కరోనా వచ్చినంక మన చర్చిల చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులాయె. ఏం బల్లనో ఏమో, దగ్గు మందు తాగినట్టుంటది."

"అయితే ఆ గుడ్డ మీద అందరి నోళ్లు ఉంటయా?"

"ఉండవా మరి? సంఘం మొత్తం దాని మీదనే ఉంటది. నేను ఉతికేటప్పుడు చూద్దువు, ద్రాక్షరసం మరక ఒక పట్టాన పోదు. ఎందుకే గట్ల నవ్వుతున్నవ్?"

మర్నాడు పొద్దున్నే జయశీల లలితకుమారి గారి గదిలో ఉంది. ఆమె డీఎన్‌ఏ విభాగానికి పెద్ద. సొంతూరు కాకినాడ, హైదరాబాద్ వచ్చి పాతికేళ్లయినా మాట మారలేదు. రిపోర్టు మీద సంతకం పెట్టేదీ, కోర్టులో బోనెక్కేదీ ఆవిడే. జయశీల చెప్పిందంతా విని కళ్లజోడు తీసింది.

"చూడండి జయశీలా. అది ఎవరి డీఎన్‌ఏ అన్నది మన పని. ఎలా వచ్చిందన్నది మన పని కాదండీ."

"తెలుసు మేడం. కానీ అది చేతిరుమాలు అని మనమే రాస్తే, ఎట్ల వచ్చిందో మనం చెప్పినట్టే గద?"

ఆవిడ కళ్లజోడుని కొంగుతో తుడుచుకుంది.

"మీరు ఆ మతస్థులు కాబట్టి మీకు అలా తోచింది. ఆ ఆచారం తెలియకపోతే ఏం చేసేవారు?"

"తెల్వకపోతే తప్పు రిపోర్టు పోయేది మేడం."

"కోర్టులో డిఫెన్స్ లాయర్ కాదు, ప్రాసిక్యూషన్ వాళ్లే అడుగుతారు, మీ మనుషులని కాపాడారా అని. అప్పుడేం చెప్తాం?"

"అందుకే నేను తప్పయితే తప్పని తేలే పరీక్ష చేద్దాం. మరక ద్రాక్షరసమా కాదా, రసాయన విభాగం చెప్తది. ఇంకోటి, మనం డీఎన్‌ఏ తీసింది మరకల నుంచే. పెన్నుతోని గీసిండ్రు కాబట్టి అక్కడనే కోసిండ్రు. రాడ్డు పట్టుకున్నోని చెయ్యి ఉండేది మరక మీద కాదు, మెలిపెట్టిన కొసల మీద. చేతుల చెమట, చర్మం అక్కడ దిగుతది. ఆ కొసలు ఎవ్వరం చూడలే మేడం."

లలితకుమారి కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. చాలాసేపు గుడ్డ ఫోటో చూసింది.

"కొసల్లో కూడా ఆశేరే వస్తే?"

"గదే రాద్దాం."

"సరే. ముక్కలు మీరు కోయండి. గ్రాఫు చదివేది మాత్రం నేను. ఆశేర్ నమూనా అంకెలు పక్కన పెట్టుకోకుండా, ముందు కొసల గ్రాఫు ఒక్కటే చదువుతాను. అలా అయితే మీ మీద గానీ నా మీద గానీ ఎవరూ వేలెత్తరు. ఆ ఎస్సై గారికి ఉత్తరం రాయండి, ఆ గుడ్డ ఏమిటో చర్చి వాళ్లని అడగమనండి. మనం చెప్పకూడదు, ఆయనే కనుక్కోవాలి."

జీవన్ ఉత్తరం అందుకుని విసుక్కున్నాడు. "రుమాల్ రుమాలే గద మేడం, దాంట్ల అడిగేదేముంది" అని ఫోన్ చేశాడు. అయినా మనిషి చెడ్డవాడు కాదు, సోమవారం దవాఖానాకి వెళ్లి తలకి కట్టుతో కూర్చున్న ప్రేమయ్యకి ఫోటో చూపించాడు. అక్కడ ఏం జరిగిందో తర్వాత ఆయనే లలితకుమారి గారికి పూసగుచ్చినట్టు చెప్పాడు.

"అయ్యో, ఇది మా బల్ల గుడ్డ సార్! దొంగ ఎత్కపోయిండనుకుంటున్నం. కర్చీఫ్ అని ఎవరన్నరు?" అన్నాడు ప్రేమయ్య.

"మా కానిస్టేబుల్."

"దీంతోని ముక్కు తుడుచుకుంటడా ఆయన?"

"అది పక్కన పెట్టు పెద్దాయనా. మీ కీబోర్డు పిలగాని ఉమ్మి దీని మీద అందరికన్నా ఎక్కువ ఎందుకుంది?"

ప్రేమయ్య తల కట్టు సర్దుకుని చెప్పాడట. "బల్ల అయినంక గిన్నెల మిగిలింది పారబోయొద్దు సార్. ఎవరన్న ఒకరు తాగెయ్యాలె. ఎప్పుడు నేనే తాగుత. ఆ నాడు ఆశేర్‌కిచ్చిన. పాట కాడ అందరి ముందట ఒక మాటన్న గద, మొకం చిన్నగ చేస్కున్నడు. దా బిడ్డా, కోపం ఇడిసిపెట్టు అని గిన్నె మొత్తం ఇచ్చిన. సగం దాంక ఉండె. అంచు గట్టిగ తుడిచి, గుడ్డ బల్ల మీదనే పెట్టిన." తర్వాత ఒక్కసారిగా లేచి కూర్చోబోయాడు. "సార్, ఆ పిలగాన్ని పట్టుకున్నరా? వాని మీద కేసేసిండ్రా?"

ఆయన తలకి దెబ్బ తగిలిందని ఇంట్లోవాళ్లు అరెస్టు సంగతి చెప్పలేదు. అప్పటిదాకా పోలీసులు ఆయన్ని అడిగింది ఒకే ప్రశ్న, మొహం చూశావా అని.

మర్నాడు సాతంరాయి చర్చిలో పదిహేడు మంది వరసగా నిలబడి, ఇష్టపూర్వకంగా అని కాగితం మీద సంతకాలు పెట్టి, దూదిపుల్లలకి బుగ్గలు అప్పగించారు. ఒక ముసలామె "ఉపాసమున్న, ఏమన్న అయితదా బిడ్డా?" అని అడిగిందట. దవాఖానా మంచం మీద ప్రేమయ్య కూడా నోరు తెరిచాడు.

గుడ్డ కొసల దగ్గర, మెలికలో లోపలికి పోయిన మడతల నుంచి, జయశీల నాలుగు ముక్కలు కోసింది. గోరంత ముక్కలు. చెమటలో డీఎన్‌ఏ చాలా తక్కువ దొరుకుతుంది, ఒక్కోసారి అసలు దొరకదు. అప్పుడు కథ మళ్లీ మొదటికే, మరక మీద ఆశేర్ ఒక్కడే మిగులుతాడు. రెండు ముక్కల్లో ఏమీ రాలేదు. మూడోదాంట్లో ఏదో నీడలాగా వచ్చింది. నాలుగో ముక్క గ్రాఫు చదువుతున్నప్పుడు లలితకుమారి తలుపు వేసుకుంది. జయశీల బయట వరండాలో అటూ ఇటూ నడిచింది. ఇరవై నిమిషాలు. లోపల్నుంచి అంకెలు రాస్తున్న చప్పుడు కూడా వినపడదు కదా.

తలుపు తెరుచుకుంది.

"ఒకే మగమనిషి. చాలా వరకు శుభ్రంగా వచ్చిందండీ" అంది ఆవిడ. "ఇప్పుడు ఆశేర్ కాగితం తీసుకురండి."

పక్కపక్కన పెట్టారు. మొదటి చోట సరిపోలేదు. రెండో చోట లేదు. మూడో చోట ఒక అంకె కలిసింది, ఒకటి కలవలేదు. అక్కడ్నుంచి జయశీల లెక్కపెట్టడం మానేసింది. ప్రేమయ్య కాదు, సంఘంలో నమూనా ఇచ్చిన మగవాళ్లెవరూ కాదు, ల్యాబులో ఎవరూ కాదు. ఎవరో బయటివాడు.

రిపోర్టులో "చేతిరుమాలు" అన్న మాట రాలేదు. గుడ్డ మధ్యభాగంలో ద్రాక్షరసం మరక, దాని మీద అనేకుల లాలాజలం మిశ్రమం, అందులో ఆశేర్‌తో పాటు సంఘసభ్యులు కొందరు ఉండటానికి వీలుంది, గుడ్డని మెలిపెట్టి పట్టుకున్న కొసల్లో ఒక పురుషుడి డీఎన్‌ఏ, అది ఆశేర్‌ది కాదు. అంతే. ఎవరు దొంగ, ఎవరు కాదు అన్న మాట ఎక్కడా లేదు. బుధవారం సాయంత్రానికి కాగితం స్టేషన్‌కి చేరింది.

జీవన్ ఫోన్‌లో మొత్తుకున్నాడు. "నా కేసు మళ్ల మొదటికొచ్చె మేడం! శుక్రవారం నేనేం ఏయాలె?"

"అసలోన్ని పట్టుకోండి సార్" అంది జయశీల.

"మీకేం, ఏసీల కూసొని చెప్తరు" అని పెట్టేశాడు. కానీ ఆ శుక్రవారం చార్జిషీట్ వేయలేదు, తర్వాత వేసినప్పుడు అందులో ఆశేర్ పేరు లేదు. పైగా ఈసారి నిజంగానే వెతికాడు. నెల తిరక్కుండా బడంగ్‌పేట్‌లో ఒక పాత సామాన్ల దుకాణంలో కీబోర్డు దొరికింది, అక్కడ్నుంచి దాన్ని అమ్మినవాడు దొరికాడు. వాడి బుగ్గ నమూనా కొత్త నంబరుతో ల్యాబుకి వచ్చింది. ఈసారి పోల్చడానికి పెద్ద టైం పట్టలేదు. ఇరవై చోట్ల ఇరవై కలిశాయి.

ఆగస్టులో ఒక రోజు మధ్యాహ్నం జయశీల టీ తాగడానికి గేటు దగ్గరికి వచ్చింది. అక్కడ సన్నగా పొడుగ్గా ఒక అబ్బాయి సెక్యూరిటీ గార్డ్ బాలమల్లుతో వాదిస్తున్నాడు. చేతిలో స్వీట్ల డబ్బా. మెడలో ఎయిర్‌పోర్టు పాసు.

"ఒక్క నిమిషం అన్నా, డీఎన్‌ఏ చూసే మేడంకి ఇచ్చి పోత. ఆమె చేయబట్టే నా పాసు నాకొచ్చింది."

"ఇక్కడ ఎవ్వరు ఎవ్వరికి మేలు చేయరు తమ్మి. గీతలు జూస్తరు, రాస్తరు, అంతే. డబ్బాలు లోపలికి పోవు."

ఆ అబ్బాయి జయశీల మెడలో ఐడీ కార్డు చూసి ఇటు తిరిగాడు. "అక్కా, నువ్వు లోపల్నే చేస్తవా? డీఎన్‌ఏ మేడం ఎరుకనా నీకు?"

కేసు ఇంకా కోర్టులో ఉంది. సాక్షులతో, కేసులో ఉన్నవాళ్లతో మాట్లాడకూడదు. బాలమల్లు నవ్వు ఆపుకుంటూ ఆకాశం చూస్తున్నాడు.

"ఎరుకనే" అంది జయశీల. "డబ్బా వద్దంటది. ఇంటికాడ పిల్లలకియ్యి. షిఫ్టు ఎన్నింటికి నీకు?"

"మూడింటికి అక్కా. ఇయ్యాల్నే మొదటి రోజు, మళ్ల తీసుకున్నంక."

"ఒంటిగంటన్నర అయితున్నది! మొదటి రోజే లేటుగ పోతవా? నడువ్, నడువ్."

అతను డబ్బాని చంకలో పెట్టుకుని, పాసు ఎగిరిపడకుండా గుండెకి అదుముకుని రోడ్డు దాటి పరిగెత్తాడు. శంషాబాద్ బస్సు అప్పుడే కదులుతోంది. కండక్టర్ చెయ్యందించి పైకి లాగింది, నాలుగు మాటలు తిట్టినట్టుంది కూడా. మెట్టు మీద నిలబడి అతను నవ్వుతున్నాడు.